కోడు విని పేజీ చూసినాయన

పుంగనూరు బస్టాండులో దిగి ఆటో ఎక్కి వీధి పేరు చెప్తే, ఆటో ఆయన వెనక్కి తిరిగి, “గుడ్డిసారు ఇంటికేనామ్మా? పొద్దున్నే పోయినాడంట గదా పాపం,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గుడ్డిసారంట! “ఆయనకొక పేరుండాదప్పా,” అన్నా. “ఏం పేరమ్మా?” అని అడిగినాడు. చెప్పినా. “ఓహో, అట్నా? ఆ వీధిలో అందరికీ గుడ్డిసారనే తెలుసులేమ్మా,” అని హారన్ కొట్టుకుంటా పోనిచ్చినాడు. వానితో ఏం కొట్లాడేది? ఆయన పేరు ఆయనే యాడా రాసుకోలేదు. కట్టిన వెబ్ పేజీల్లో ఒకదాని అడుగున కూడా లేదు. అందుకని నేనూ ఇక్కడ రాయను, సారు అనే అంటా.

ఆయన పుట్టుగుడ్డి కాదు. చూపు కొంచెం కొంచెంగా పోయింది. పోతా ఉండాదని రెండేండ్లు బయటోళ్ళలో నాకొక్కదానికే తెలుసు. ఊరందరి దగ్గరా దాచిపెట్టింది నేనే. ఆఖరికి ఆయనకు కళ్ళు లేవని అలుసు తీసుకున్నదీ నేనే. ఇదంతా రాసేది ఆ సంగతి కోసమే గానీ, ముందు మనిషిని చెప్పల్ల.

మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర ఒక మిద్దెపైన కంప్యూటర్ సెంటరు ఉండేది. రెండు వేలు దాటి ఒకటో రెండో ఏండ్లు అయ్యుంటాది. ఇంటర్నెట్టు ఫోను తీగలో నుంచి కుయ్యో మొర్రో అని ఏడ్చుకుంటా వచ్చే కాలం. ఆ సెంటర్లో వెబ్ పేజీలు కట్టేది నేర్పించే సారు ఆయన. నాకప్పుడు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి మా నాయన అంగట్లో కూసోని ఈగలు తోలుకుంటా ఉంటి. “ఊరికే కూసునే బదులు కంప్యూటరన్నా నేర్చుకో,” అని మా నాయనే తీసుకుపోయి చేర్పించినాడు.

కంప్యూటర్ సారంటే టక్ చేసుకున్న కుర్రోడెవరో ఉంటాడనుకున్నా. చూస్తే నలభై ఐదు దాటిన మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, జేబులో దువ్వెన, చంకలో బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బా నిండా ఫ్లాపీలు. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చిపోయేవాడు. తొంభైల్లో ఆ ఊర్లోనే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినాడంట. కంప్యూటర్లొచ్చి టైపు నేర్చుకునే పిల్లోళ్ళు తగ్గిపోతే మిషన్లు తీసేసి, ఆ వయసులో మళ్ళీ పలకా బలపం పట్టినట్టు హెచ్‌టీఎంఎల్ నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర అంటే, ఎవరి దగ్గరా లేదు. దొరికిన ప్రతి పేజీనీ తెరిచి, దాని వెనకాల ఉండే కోడు చూసి, కాగితం మీద ఎక్కించుకుని, ఇది తీసేస్తే ఏమైతాది, అది మారిస్తే ఏమైతాది అని చూసుకుంటా నేర్చుకున్నాడు.

టైపు మాస్టరు బుద్ధి మాత్రం పోలేదు. మొదటి రోజే నా కీబోర్డు మీద తువ్వాలు కప్పేసినాడు. “చేతులు లోపల పెట్టి కొట్టు. చూసి కొట్టేదానికి నేను యాల?” అన్నాడు. పది రోజులు తువ్వాలు కిందే కొట్టినా. నా పక్క మిషన్లో పిల్ల ఒకటి, “ఇదేం సెంటరక్కా, కోళ్ళను గంప కింద కమ్మినట్టు కమ్మినాడు,” అని గొణిగింది. వినపడింది ఆయనకు. నవ్వినాడు గానీ తువ్వాలు తీయలేదు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒక మాట ఆడతా ఉండేది. “తెరిచినావు, మూసినావా?” వెబ్ పేజీ కోడులో ఏ ముక్క మొదలుపెట్టినా దాన్ని మళ్ళీ మూయల్ల. మూయకపోతే కింద ఉండేదంతా వంకర పోతాది. మాకు చెప్పి చెప్పి అది ఆయనకు ఊతపదం అయిపోయింది. కొళాయి తిప్పితే అదే మాట, టిఫిన్ బాక్సు మూత తీస్తే అదే మాట. ఒకసారి సెంటరు ఎదురు అంగడాయన షట్టరు ఎత్తుతా ఉంటే, మెట్ల మీద నుంచి అలవాటు చొప్పున, “తెరిచినావు, మూసినావా?” అనేసినాడు. ఆయన బిత్తరపోయి, “ఇప్పుడే గదా సార్ తెరిసింది, బేరమన్నా కానీండి,” అన్నాడు. మేం మెట్ల మీదే కూలబడి నవ్వినాం.

అప్పట్లో పేజీని గళ్ళు గళ్ళుగా కట్టేవాళ్ళు. పెద్ద గళ్ళపట్టీ ఒకటి వేసి, దాని గడిలో ఇంకో పట్టీ, దాని గడిలో ఇంకోటి. మాకు తల తిరిగిపోయేది. ఆయనకు మాత్రం అది పాత సంగతే. టైపు హయ్యరు పరీక్షలో స్టేట్‌మెంట్లు కొట్టేటప్పుడు నిలువు వరస ఎంత వెడల్పు, నడిమి సందు ఎంత అని ముందే లెక్క వేసుకోవల్ల గదా, అదే ఇది అనేవాడు. మమ్మల్ని ఇద్దరిద్దరిని జతలు చేసేవాడు. ఒకరు కోడు పైకి చదవల్ల, ఇంకొకరు కళ్ళు మూసుకుని విని, సెంటరు ఎర్రగచ్చు మీద సుద్దముక్కతో ఆ పేజీ గీయల్ల. మధ్యాహ్నం ఎవరన్నా మిద్దె పైకి వస్తే, ఆడపిల్లోళ్ళం గచ్చు మీద ముగ్గులేస్తా ఉంటిమి. ఇది కంప్యూటర్ సెంటరేనా అని రెండుసార్లు బోర్డు చూసుకునేవాళ్ళు.

సారు మాత్రం గీసేవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని వినేవాడు. నేను సగం చదవంగానే, “ఆగు పాపా. కుడిపక్క గడి కిందికి జారిపోయింది చూడు,” అనేవాడు. తెర మీద చూస్తే నిజంగానే జారిపోయుండేది. ఎట్లా తెలుస్తాదో మాకు అంతుబట్టేది కాదు.

“తెరను నమ్మొద్దు,” అనేవాడు. “అది ఒగోనికి ఒగో మాట చెప్తాది.” నిజమే. మా సెంటర్లో చక్కంగా కనిపించిన పేజీ ఇంకో బ్రౌజర్లో పెడితే కాళ్ళూ చేతులూ విరిగినట్టు ఉండేది. అందుకని పేజీ అయిపోంగానే ఫ్లాపీలో వేసుకుని ఊర్లో ఉండే నెట్ సెంటర్లన్నీ తిరిగేవాడు. ఆడ కూసోని ఉండే వాళ్ళను, ముక్కూ మొహం తెలియని వాళ్ళను, “అప్పా, రవ్వంత ఇది చూసి ఎట్టుండాదో చెప్పు,” అని అడిగేవాడు. వాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా వినేవాడు. పెద్దమనిషి, ఎంత అణకువ అనుకునేదాన్ని. వాళ్ళ కళ్ళతో చూసుకుంటా ఉండాడని నాకేం తెలుసు?

ఇంకోటి, ప్రతి బొమ్మకూ కోడులో పేరు రాయల్ల. అది ఆయన పెట్టిన చట్టం. లైను ఎంత మెల్లగా ఉండేదంటే, ఒక బొమ్మ పూర్తిగా దిగేలోపల కిందికి పోయి టీ తాగి రావచ్చు. అందుకని శానామంది బొమ్మలు రాకుండా ఆపేసి చదువుకునేవాళ్ళు. బొమ్మ రాకపోయినా ఆ తావులో ఏముండాదో రెండు మాటలు కనిపించల్ల. నేనొకసారి ‘బొమ్మ’ అని రాసి పెట్టినా. “బొమ్మ అని నాకు తెలుసు పాపా. దేని బొమ్మ? చూడలేనోడు అడుగుతాండాడు, చెప్పు,” అన్నాడు. ఆ పేజీ ఒక నర్సరీ ఆయనది. “మామిడి అంటు, పూత మీద ఉండాది,” అని రాసినా. “ఊఁ, ఇప్పుడు వాసన గూడా వచ్చింది,” అన్నాడు.

సాయంత్రం నాలుగున్నర కొట్టేసరికి మాత్రం పాఠం సగంలో ఉన్నా లేచిపోయేవాడు. చలికాలం వస్తే నాలుక్కే. మేం ఎగతాళి చేసేవాళ్ళం. “ఏం సార్, ఇంట్లో అక్కంటే అంత భయమా?” అంటే, “అవునమ్మా, మా ఇంట్లో ఆరుకు గేటు ఏసేస్తారు,” అని నవ్వి డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగేవాడు. దిగేటప్పుడు చెయ్యి గోడ మీద ఉండేది. అది కూడా చూసినా. చూసి ఏమీ అనుకోలేదు.

నేను నేర్చుకోవడం అయిపోయి ఆడే పనికి చేరిన కొత్తలో, ఒక మధ్యాహ్నం కాఫీ తెచ్చి ఆయన కుడిచేతి పక్కన గ్లాసు పట్టుకుని నిలబడినా. తీసుకోడే! “సార్, కాఫీ,” అన్నా. చెయ్యి చాపినాడు, ఎడంపక్కకి. గాల్లో తడిమినాడు. గ్లాసు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉండాది. మెల్లగా తల తిప్పి, తిప్పి, గ్లాసు చూపుకు తగిలినాక పట్టుకున్నాడు.

సెంటర్లో ఇంకెవరూ లేరు. ఆయనే చెప్పినాడు. మొదట రేచీకటి అంట. తర్వాత పక్కల నుంచి మూసుకుంటా వచ్చింది. “గొట్టంలో నుంచి చూసినట్టుండాది పాపా. ఆ గొట్టం గూడా సన్నమైతా ఉండాది. తిరుపతిలో చూపిచ్చినా, బెంగుళూరులో చూపిచ్చినా. మందు లేదన్నారు.” కాఫీ ఒక గుక్క తాగి, “ఎవురికీ చెప్పొద్దు. కండ్లు లేనోణ్ణి ఎవురన్నా మానిటరు ముందర కూసోనిస్తారా? ఈ పని పోతే నాకు ఇంకే పనీ రాదు,” అన్నాడు. ఒట్టు వేయించుకోలేదు గానీ నేనే వేసినా. నోరు మూసుకుని ఉండేది నాకు ఆయనే నేర్పించినాడని ఇప్పుడంటే బాగుండదేమో. కానీ అట్లనే మొదలైంది.

ఆ పొద్దు నుంచి నేను ఆయన కళ్ళు. ఎవరన్నా పని ఇచ్చేదానికి వస్తే ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూసునేదాన్ని. చేతినిండా మట్టిగాజులు వేసుకునేదాన్ని. తెర మీద అంతా సరిగ్గా వస్తే గాజులు ఒకసారి గలగల, తేడా ఉంటే రెండుసార్లు. వచ్చినాయన వేలు పెట్టి, “ఇదేంది సార్ ఇట్టుండాది?” అంటే, నేను “ఓహో, ఆ ఫోను నంబరు పక్క గీతా?” అని పైకి అనేదాన్ని. సారు దాన్ని అందుకుని గడగడా జవాబు చెప్పేవాడు. మా అమ్మ, “పెండ్లికూతురు మాదిరి ఇన్ని గాజులు దేనికే?” అని అడిగితే, “పనికి కావల్లమ్మా,” అన్నా. కంప్యూటర్ పనికి గాజులు యాలనో ఆమెకు ఇప్పటికీ తెలీదు.

అప్పుడే స్టైల్ షీట్ల సంగతి వచ్చింది. రంగులూ, కొలతలూ, అక్షరాల సైజులూ పేజీలో కాకుండా వేరే ఒక ఫైల్లో రాసుకునే పద్ధతి. నెట్లో దాని గురించి దొరికిన పాఠాలన్నీ అచ్చు తీసి నేను చదివితే ఆయన వినేవాడు. ఒకరోజు కుర్చీలో నుంచి లేచి నిలబడినాడు. “ఇన్నేండ్లు ఇంట్లో ఇల్లు కట్టినాము గదే, గడి లోపల గడి! ఏం ఖర్మ!” అన్నాడు. ఒక సైటుకు ఇరవై పేజీలు ఉంటే, ఆ ఒక్క ఫైల్లో ఒక్క వరస మార్చి ఇరవై పేజీల రంగూ మార్పించినాడు. “మారిందా? అన్నీ మారినాయా? కడా పేజీ గూడా?” అని అడిగినాడు. మారినాయి సార్ అంటే, “మళ్ళీ మార్చు,” అన్నాడు. ఎరుపు, నీలం, మళ్ళీ ఎరుపు. నేను విసుక్కుని, “సార్, పండగ గుడ్డలు కొనేదానికి వచ్చినారా?” అన్నా. చూడలేని రంగులకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రంగులు ఆయనకు అంకెల్లో తెలుసు. రంగును ఆరు గుర్తుల్లో రాస్తారు. మొదటి రెండూ ఎరుపు పాలు, నడిమివి ఆకుపచ్చ, కడావి నీలం. చూపు బాగున్నప్పుడే అన్నీ మతికి పెట్టుకున్నాడు. నేను వస్తువు చూసి చెప్పల్ల, ఆయన అంకె వేయల్ల. చింతచిగురు, మెంతిపొడి, చాకింటి నీలిమందు, ఏది చెప్పినా అంకె వచ్చేది.

అందుకే కుప్పం నుంచి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆయన కబురు పంపితే సారు మొహం వెలిగిపోయింది. బయట దేశాల్లో కొనేవాళ్ళకు రాళ్ళు చూపించే సైటు కావల్లంట. నెలనెలా కొత్త రాళ్ళు ఎక్కించల్ల, పాతవి తీయల్ల. ఏండ్ల తరబడి చేతినిండా పని. “ఇది దొరికితే సెంటరు మానేస్తా పాపా,” అన్నాడు సారు. “ఇంట్లోనే కూసోని చేసుకుంటా. నా కండ్లు చూసేదానికి ఎవురూ రారు. నువ్వు కండ్లు, నేను చేతులు. ఇద్దరం పంచుకుందాం.” ఇంకొక ఏడాదికి ఆ గొట్టంలో మిగిలిన మసక వెలుతురు కూడా పోతాదని డాక్టర్లు చెప్పుండారు. ఆయన బతుకంతా ఆ పని మీదే పెట్టుకున్నాడని నాకు బాగా తెలుసు. తెలియక చేసినానని అనేదానికి లేదు.

ఫ్యాక్టరీ ఆయన ముందుగానే ఒక రాతి పలక పంపించినాడు. వాళ్ళ ఆకుపచ్చ రాయి. పేజీ అంతా ఆ రంగే ఉండల్లన్నాడు. సారు దాన్ని నాతో నీళ్ళతో తడిపించి చూడమన్నాడు, ఎండలో పెట్టి చూడమన్నాడు, ట్యూబులైటు కింద చూడమన్నాడు. “చింతాకా, మామిడాకా?” అని అడిగినాడు. “మామిడాకే సార్, ముదురుది. నల్లచుక్కలుండాయి,” అన్నా. ఆకుపచ్చ సగానికి తక్కువ, ఎరుపు దాంట్లో సగం, నీలం ఎరుపు కంటే రవ్వంత మీద, అని అంకె వేసినాడు. నేను పలకను మానిటరుకు ఆనించి చూసినా. రెండూ ఒకటే. గాజులు ఆడించినా.

పుంగనూర్లో ఆయన ఎక్కినాడు, పలమనేరులో బస్సు మారి కుప్పం పోయినాం. ఫ్యాక్టరీలో రాళ్ళు కోసే చప్పుడు, ఆఫీసు గదిలో కూడా బల్ల అదురుతా ఉండింది. ఓనరు లావుపాటి మనిషి, మాట గట్టిది గానీ మర్యాద తెలిసినాయన. పేజీ తెరిచి చూపించినాం. బొమ్మలన్నీ చూసినాడు. “బాగుండాదప్పా, బాగా సేసినావు,” అన్నాడు. నా గాజులు ఒకసారి మోగినాయి. సారు భుజాలు దిగినాయి. అయిపోయింది, పని దొరికింది అనుకున్నాం.

అప్పుడు ఓనరు బల్ల మీద రెండు పలకలు పెట్టినాడు. “ఒగటి మాది, ఇంగొగటి పక్క క్వారీది. మావోళ్ళే తికమక పడతారు. నువ్వు పేజీకేసిన రంగు ఈ రెండిట్లో యాదో సూపీ సామీ. బయట దేశమోడు ఇది సూసే గదా కొనేది,” అన్నాడు.

మా పేజీ రంగుది ఎడంపక్కది. ఎడమంటే రెండు, కుడి అంటే ఒకటి అని మాకు ముందే ఒప్పందం ఉండాది. చెయ్యి ఎత్తబోయినా. సారు నా మణికట్టు పట్టుకున్నాడు, గాజులన్నీ ఆయన గుప్పిట్లోకి వచ్చేటట్టు. “వద్దులే పాపా,” అన్నాడు. ఓనరు వైపు తిరిగి, “నాకు కనపడదు సార్. రెండేండ్లయింది. రంగును నమ్మి కొనేవాళ్ళుండారు, దాంట్లో నాటకం వద్దు. ఈ పాప రాయిని చూసి చెప్పింది, నేను అంకె వేసినా. ఎడమో కుడో ఆమె చెప్తాది,” అన్నాడు.

ఓనరు ఆయన మొహం ముందర చెయ్యి ఆడించి చూసినాడు. తర్వాత టీ తెప్పించినాడు. ఎగతాళి చెయ్యలేదు, కసురుకోలేదు. అదీ బాధ. టీ తాగినాక చానా మెత్తగా, “అట్టయితే నిన్ను ఈ ఎండలో కుప్పం దాకా తిప్పేది పాపం గదప్పా. కండ్లుండే పిల్లే సేస్తాది,” అని నా వైపు తిరిగి, “ఏమ్మా, ఒగదానివే సేస్తావా?” అన్నాడు.

పేజీ అంతా ఆయనదే సార్, నేను మామిడాకు అని మాత్రం చెప్పినా, అనొచ్చు. ఇద్దరికీ ఇస్తేనే చేస్తామనొచ్చు. సారు తల రవ్వంత నా పక్కకు వంచి, నేనేమంటానో అని వింటా ఉండాడు. నా మణికట్టు ఇంకా ఆయన చేతిలోనే ఉండాది.

నేను తల ఊపినా.

నోటితో అనలేదు. ఊపినా, అంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగతా ఎవరూ చూడలేదనుకుంటాదంటారే, నేను ఆయనకు కళ్ళు లేవని తాగినా. “సరే అయితే,” అన్నాడు ఓనరు. సారు నా చెయ్యి వదిలిపెట్టినాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూసున్నాడు. పలమనేరులో దిగేసరికి పొద్దు వాలిపోయింది. మోచేయి పట్టుకుని దావ దాటించినా. ఆ బస్టాండులో అడిగినాడు, “రంగు బాగా కుదిరిందా పాపా? ఆయన రాయి పక్కన పెడితే?” అని. “కుదిరింది సార్,” అన్నా. “అంతే చాలు,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు. పుంగనూర్లో ఆయన్ను దించి ఇంటి దాకా చేర్చి, నేను తేలు కుట్టిన దొంగ మాదిరి మదనపల్లె బస్సెక్కినా.

నెల తిరక్కముందే సారు సెంటరు మానేసినాడు. కుప్పంలో చెప్పిన మాట మదనపల్లెకు రాకుండా ఉంటాదా? నేను ఫ్యాక్టరీ పని చేసినా. దాన్ని చూసి ఇంకో రెండు పనులొచ్చినాయి. ఇంట్లోకే కంప్యూటరు వచ్చింది, బ్రాడ్‌బ్యాండు వచ్చింది. పని మాత్రం ఆయన చెప్పినట్టే చేసినా, ఒక్క అడ్డదారి తొక్కలేదు. ఆయన ముఖం చూడలేకపోయినా, చేసే పనిలోనన్నా ఆయన మాట తప్పకూడదనుకున్నా. మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ గంట ప్రయాణం కూడా లేదు, అరగంటకొక బస్సు. ఆ గంట దూరం పోయేదానికి నాకు మూడేండ్లు పట్టింది.

అది కూడా నా అంతట నేను పోలేదు. ఒక పొద్దున మెయిలొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒకటే వరస. ‘కొత్త రాళ్ళ పేజీలో మూడో బొమ్మకు పేరు లేదు.’ కింద పేరు లేదు. ఎవరో చెప్పల్లనా? తెరిచి చూస్తే నిజమే. హడావుడిలో ఒక బొమ్మకు రాయడం మరిచిపోయినా. అది సరిచేసి, కట్టుకున్న చీరతోనే పోయి బస్సెక్కినా.

సారు భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది. “రామ్మా రా. ఇప్పటికి తెలిసిందా మా ఇంటికి దావ?” అంది. ఆమె అట్లా దెప్పినందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

లోపల బల్ల మీద కంప్యూటరు డబ్బా, కీబోర్డు, రెండు స్పీకర్లు ఉండాయి. మానిటరు లేదు. “అది నాకు దేనికి? మీ అక్క తీసి అటక మీద పెట్టేసింది,” అన్నాడు సారు. జుట్టు తెల్లబడిపోయింది. జేబులో దువ్వెన మాత్రం ఉండాది. బెంగుళూరులో రెండు నెలలుండి, తెర మీదిది చదివి వినిపించే సాఫ్టువేరు నేర్చుకుని వచ్చినాడంట. స్పీకర్లలో గొంతు గడగడా, నాకొక్క ముక్క అర్థం కానంత వేగంగా చదవతా ఉండింది. దాన్ని ఆపినాడు.

“మూడో బొమ్మ సరిచేసినావా?”

“బస్సెక్కక ముందే చేసినా సార్.”

“ఊఁ. కూసో.”

కూసున్నా. ఆయన చేతులు కీబోర్డు మీదే ఉండాయి. “కోపమొచ్చింది పాపా నాకు,” అన్నాడు, వానొచ్చింది అన్నంత మామూలుగా. “ఆ పొద్దు కుప్పంలో నువ్వు తల ఊపినావు.”

“మీకెట్లా తెలుసు సార్?”

“నీ బుట్టకమ్మలు. గాజులు పట్టుకుంటి గానీ కమ్మలు పట్టుకోలేదు గదా.”

అని తనే నవ్వినాడు. నేను నవ్వలేకపోయినా. “ఇది నేర్చుకోంగానే మొట్టమొదట నీ పేజీ తెరిచినా,” అన్నాడు సారు. “యాల తెరిచినా? తప్పులు పట్టేదానికి. కండ్లుండే పిల్ల ఎంత బాగా చేసిందో చూద్దామని. వెతికినా, వెతికినా. బొమ్మ బొమ్మకూ పేరుండాది. హెడ్డింగులు వరసగా ఉండాయి. తెరిచిందంతా మూసుండాది. ఒగ్గ తప్పు లేదు! నాకింకా కోపమొచ్చింది. తిట్టేదానికి గూడా సందు ఇయ్యలేదు గదా ఈ పిల్ల అని. ఏడాదిగా రోజూ వింటాండా నీ పేజీలు.”

“మూడో బొమ్మ దొరికిన పొద్దు చూడల్ల నువ్వు,” అని వంటింట్లో నుంచి ఆమె అందుకుంది. “పండగ మాదిరి రెండుసార్లు కాఫీ పెట్టించుకుని తాగినాడు.”

ఈసారి ముగ్గురం నవ్వినాం. నవ్వు ఆగినాక సారు కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

“కోపం ఉండినా, మనిషి వస్తే పోయేదే గదా. మూడేండ్లు యాల రాలేదు పాపా?”

నా కళ్ళల్లో నుంచి నీళ్ళు కారిపోతాండాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపినా, మళ్ళీ నిలువుగా ఊపినా. ఏమని ఊపినానో నాకే తెలీదు. ఆయన కళ్ళు నా మీద లేవు, నా భుజం పక్కన గోడ మీద ఉండాయి.

“నాకు కనపడదు గదమ్మా,” అన్నాడు, చాలా మెల్లగా. “తల ఊపితే నాకు చాలదు. ఏముండాదో నోటితో చెప్పు.”

చెంగు తీసేసినా.

“మీ పని నేను తీసేసుకున్నా సార్. మీరు చూడరని తల ఊపినా. మీ ముందరికి వచ్చేదానికి మొహం లేక రాలేదు. ఇప్పుడు మీ ఎదురుగ్గా కూసోని ఏడుస్తాండా,” అన్నా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేంత గట్టిగా అన్నా.

“ఆఁ,” అన్నాడు సారు. “ఇప్పుడు కనపడినావు.”